అనుమానానికీ ఒక వరుస వుంది

ఒక యంత్రం ఆగిపోయినప్పుడు "తప్పు ఎవరిది?" అని అడగటం సరైన ప్రశ్నేనా? చూడటానికి యిది మెకానిక్కులకు సంబంధించిన ప్రశ్న. తెలుగు సాహిత్యం పాఠాలు చెప్పుకుని బతికే నావంటివాడికి దీనితో పని లేదనిపిస్తుంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాని కిందటి యేడు జూన్ నెలలో మా వూళ్ళో ఒక పాత ట్రాక్టరు స్టార్టు కాక ఆరు రోజులు నిలిచిపోయింది. నేను యేళ్ళ తరబడి తరగతి గదిలో చెబుతూ వచ్చిన మాటలకూ నా ప్రవర్తనకూ మధ్య ఎంత దూరం వున్నదో ఆ ఆరు రోజుల్లో నాకు తెలిసివచ్చింది. అంచేత యీ వ్యాసం ట్రాక్టరుతో మొదలవుతుంది. ట్రాక్టరుతోనే ముగిసేదైతే దీన్ని రాయవలసిన అవసరం నాకు వుండేది కాదు.

జరిగింది ముందు చెబుతాను.

మా వూరు దేవరకొండ వైపు. నల్లగొండ జిల్లా అనగానే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరిమళ్ళను తలుచుకునేవారికి మా ప్రాంతం తెలియదు. 1955లో నందికొండ దగ్గర శంకుస్థాపన జరిగింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు ఎడమ కాలువ వెంట పల్లానికి పోయాయి, మా మెట్టలు మెట్టలుగానే మిగిలాయి. దేవరకొండ నుంచి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కల్వకుర్తి, అచ్చంపేటల దాకా దాదాపు ఒకే తీరు: ఎర్ర చెల్కలు, రాతిగుట్టలు, బోర్లు, వానను నమ్ముకున్న పత్తి. చెల్క నేలలో తొలకరి పదును రెండు మూడు రోజులకంటె నిలవదు. ఆ పదునులోనే దుక్కి, విత్తనం అయిపోవాలి. లేకపోతే మళ్ళీ వానకోసం ఆకాశం చూడవలసిందే. ఆరు రోజులు ట్రాక్టరు ఆగటమంటే యిక్కడ దాని అర్థం యిది.

ట్రాక్టరు మా చిన్నాయనది. ముప్పయ్యేళ్ళు దాటిన డీజిల్ బండి. ఆయనేమీ దొర కాదు. ఆరెకరాల చెల్క, చుట్టుపక్కల కిరాయి దుక్కులు, పత్తి అప్పు, యిదే ఆయన సంసారం. బండి నడిపేవాడు దళితవాడకు చెందిన యువకుడు. నాలుగేళ్ళుగా యేడాది జీతానికి పనిచేస్తున్నాడు. అతని పేరు చెప్పను. మేము దాన్ని యిప్పటికే చాలినంత పాడుచేశాం.

మిరుగు వాన పడ్డ మర్నాడు ఉదయం సెల్ఫ్ కొడితే యింజను తిరిగింది గాని అందుకోలేదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. సెలవులకు వెళ్ళిన నేను పక్కనే నిలబడి వున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, ఏదో ఒకటి చెప్పాలి. "ప్లగ్గు చూశారా?" అన్నాను. నాకు మోటారు సైకిలు తెలుసు. అది మొరాయిస్తే ప్లగ్గు తీసి తుడవటం తెలుసు.

"దీనికి ప్లగ్గుండదు సార్, డీజిల్ బండి," అన్నాడు అతను, మెల్లగా.

నలుగురు నవ్వారు. అతను నవ్వలేదు, అయినా నాకు కోపం అతనిమీదనే వచ్చింది. యీ సంగతి ఆనాడు నాకు నేను ఒప్పుకోలేదు, యిప్పుడు ఒప్పుకుంటున్నాను. చిన్నాయన అప్పటికే అంటున్నాడు: "రాత్రి ఎనిమిదింటి దాక బండి నీ చేతిలనే వుండె. పొద్దున లేస్తలేదు. మరి ఏమైనట్టు?" అప్పుడు నేను పోయిన పరువును తిరిగి తెచ్చుకునే మాట ఒకటి అన్నాను: "డీజిల్‌లో ఏదో కలిసినట్టుంది."

నేను దొంగ అనలేదు. ఎవరి పేరూ చెప్పలేదు. కాని ఆ మాట పడిన చోటు అటువంటిది. మధ్యాహ్నానికి అది "డీజిల్ అమ్ముకుని కిరోసిన్ పోసిండట" అయింది, సాయంత్రానికి హోటలు దగ్గర కథ అయింది. మూడోనాడు చిన్నాయన అతన్ని పనిలోనుంచి తీసేశాడు.

యిక్కడ యింజను సంగతి రెండు మాటల్లో చెప్పాలి, లేకపోతే తరువాతి వాదం అర్థం కాదు. పెట్రోలుతో నడిచే యింజనులో నిప్పు రవ్వ బయటినుంచి రావాలి. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు, ప్లగ్గు, యీ వరుసలో ఎక్కడ తెగినా రవ్వ రాదు. 1946నుంచి 1956దాకా ఇంగ్లండులో తయారై అనేక దేశాలకు పోయిన చిన్న ఫెర్గూసన్ ట్రాక్టర్లలో చాలావాటికి యీ ఏర్పాటే వుండేది. వాటిలో కొన్ని పెట్రోలుతో మొదలై, వేడెక్కిన తరువాత కిరోసిన్ వంటి చవక నూనెతో నడిచేవి. డీజిల్ యింజనులో రవ్వ లేదు. 1890లలో రుడాల్ఫ్ డీజిల్ ఆలోచించినది యిదే: గాలిని తగినంత గట్టిగా నొక్కితే దానంతట అదే మండేంత వేడెక్కుతుంది, ఆ వేడిలోకి నూనెను చిమ్మితే చాలు. కనక డీజిల్ బండి అందుకోకపోతే వెతకవలసినవి వేరు. యింజను చాలినంత వేగంగా తిరుగుతున్నదా? గాలి చాలినంత నొక్కుకుంటున్నదా? నూనె చేరుతున్నదా, చేరవలసిన సమయానికి చేరుతున్నదా? యింతే. నేను లేనిచోట రవ్వను వెతికాను. అది అజ్ఞానం, దానికి క్షమాపణ వుంది. తరువాత అన్న మాట వేరు జాతిది.

మొదట వచ్చిన మెకానిక్కు కుర్రవాడు, చురుకైనవాడు. అతను వచ్చేసరికి మేము ఒక పూటంతా సెల్ఫ్ కొట్టి వున్నాం. బ్యాటరీ నీరసించింది. అతను కొట్టి చూశాడు, యింజను బరువుగా తిరిగింది. "బ్యాటరీ పోయింది" అన్నాడు. కొత్తది వేశారు. దానితో ఒక రోజంతా కొట్టారు. ఆ దెబ్బకు సెల్ఫ్ కాలింది. "సెల్ఫ్ పోయింది" అన్నాడు. అదీ విప్పి బాగు చేయించారు. తరువాత నాజిళ్ళన్నాడు. అవి విప్పి పట్నం పంపారు. ఐదో రోజుకు ఖర్చు పదిహేను వేలు దాటింది. పదును ఆరిపోయింది. బండి అక్కడే వుంది.

ఆరోనాడు దేవరకొండ నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. సంచి కింద పెట్టి, బండిని ముట్టుకోకుండా, "నడిపే పిలగాడేడీ?" అన్నాడు.

"వాణ్ణి తీసేసిన," అన్నాడు చిన్నాయన.

"తీసేస్తే తీసేసినవ్. పిలిపియ్యి. బండి సంగతి నాకేం తెలుస్తది, నీకేం తెలుస్తది? నాలుగేండ్లు దానిమీద కూసున్నోనికి తెలుస్తది."

అతను వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. మేస్త్రి లోపలికి రమ్మని పిలిచి అడిగాడు. అతను చెప్పాడు: "నాలుగు రోజుల ముందుగాలనే చెప్పిన, గడ్డెక్కేటప్పుడు గుంజుతలేదని. ఎక్కిలేటరు యిస్తే ముందు లేస్తది, జరసేపటికి పడిపోతది. ఆపి కొంచెం సేపు వుంచితే మల్ల మంచిగనే పోతది."

అది నిజం. అతను చెప్పాడు. చిన్నాయన "ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని కొట్టిపారేశాడు. నేను కూడ అక్కడే వుండి విన్నాను.

మేస్త్రి సెల్ఫ్ కొట్టమని పొగ గొట్టం చూశాడు. యింజను వేగంగా తిరుగుతున్నది, పొగ మాత్రం చుక్క లేదు. ఆ ఒక్క చూపులో సగం పని తేలిపోయింది. తెల్లటి పొగ వస్తే నూనె చేరుతున్నది గాని మండటం లేదని అర్థం, అప్పుడు వేడిని అనుమానించాలి. నల్ల పొగ వస్తే మండుతున్నది గాని గాలి చాలటం లేదని అర్థం. అసలు పొగే లేకపోతే నూనె అక్కడిదాకా రావటం లేదు. ట్యాంకు నిండుగా వుంది కదా అన్నారు ఎవరో. "ట్యాంకుల వుంటె ట్యాంకుకే. పంపుకు రావాలె గద," అన్నాడాయన.

తరువాత ఆయన చేసిన పని నేను యెన్నటికీ మరవను. ట్యాంకును పక్కన పెట్టి, ఒక డబ్బాలో డీజిల్ పోసి, దాన్ని వేపకొమ్మకు ఎత్తుగా కట్టి, అక్కడినుంచి కొత్త రబ్బరు గొట్టంతో నేరుగా పంపుకు యిస్తానన్నాడు. చిన్నాయన, "మంచి డీజిల్ తెప్పిస్త, ఆగు," అన్నాడు. మేస్త్రి వద్దన్నాడు. ట్యాంకులో వున్న ఆ డీజిలే తీయమన్నాడు.

"కొత్త డీజిల్ పోస్తే బండి లేస్తది. పాత డీజిల్ సంగతి తెల్వదు. పిలగాని సంగతి తెల్వదు."

ఆ డీజిలే పోశారు. పంపు దగ్గర స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా గాలి తీశారు. సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది. అంటే డీజిల్ మంచిదే. పంపు మంచిదే. నాజిళ్ళు, రింగులు అన్నీ మంచివే. మిగిలింది ట్యాంకుకూ పంపుకూ మధ్య వున్న జానెడు రబ్బరు పైపు. పైన చూస్తే దానికి పగులు లేదు, కారటం లేదు. మేస్త్రి దాన్ని కత్తితో నిలువునా చీల్చాడు. లోపలి పొర వూడి, ముడుచుకుని, నాలుకలాగా అడ్డం పడి వుంది. పంపు మెల్లగా లాగినప్పుడు కొంచెం దారి యిచ్చేది, గట్టిగా లాగితే మూసుకునేది. అంచేతనే గడ్డెక్కేటప్పుడు బలం పడిపోయేది, ఆపి వుంచితే మళ్ళీ నడిచేది. చివరికి ఆ రాత్రి పూర్తిగా మూసుకుపోయింది. నాలుగు రోజుల ముందు ఆ యువకుడు చెప్పిన మాటల్లో యీ రోగమంతా వుంది. వినేవాడే లేడు.

జరిగింది యిది. యిప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను.

మేము చేసిన తప్పులన్నీ ఒకే జాతివి కావు. విడదీసి చూడాలి.

మొదటిది బుద్ధికి సంబంధించిన తప్పు: ఫలితాన్ని కారణం అనుకోవటం. బ్యాటరీ నీరసించటం నిజమే. కాని బండి లేవనందువల్ల మేము దాన్ని నీరసింపజేశాం. బ్యాటరీ నీరసించినందువల్ల బండి లేవకపోలేదు. యిటువంటి పొరపాటు సమాజాన్ని గురించి మాట్లాడేవారు రోజూ చేస్తున్నారు. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వారి పిల్లలు బడిలో నిలవకపోతే, "చదువుమీద శ్రద్ధ లేని జనం, అందుకే కూలీలయ్యారు" అనే పెద్దమనుషులను నేను స్టాఫ్ రూములోనే చూశాను. ఎండాకాలం వూరు ఖాళీ అయితే పిల్లవాడు బడిలో ఎలా నిలుస్తాడు? పూటంతా సెల్ఫ్ కొట్టి బ్యాటరీని తిట్టటానికీ దీనికీ తేడా ఏముంది?

రెండో తప్పు: చివరిసారి ఎవరి చేతిలో వుంటే వారిదే నేరమనటం. కాకి వాలిన క్షణంలో తాటిపండు పడితే కాకివల్ల పడిందనుకోవటం తప్పని మన తార్కికులు ఎంతో కాలం కిందటనే చెప్పి, దానికి కాకతాళీయమని పేరు పెట్టారు. పేరు మనకు తెలుసు, పరీక్షలో రాయిస్తాం కూడ. కాని యిక్కడ ఒక సంగతి గమనించాలి. పనిచేసేవాడి చేతిలోనే వస్తువు ఎప్పుడూ వుంటుంది. చివరిసారి ముట్టుకున్నవాడిదే నేరమన్న న్యాయం పాటిస్తే, నేరం ఎప్పుడూ పనిచేసేవాడిదే అవుతుంది. యజమాని చెయ్యి స్టీరింగు మీద పడదు కనక యజమాని ఎన్నటికీ ముద్దాయి కాడు. ఐదేళ్ళుగా ఆ పైపు మార్చకుండా వుంచింది చిన్నాయనే. ఆ మాట ఆరు రోజుల్లో ఒక్కరి నోటా రాలేదు.

మూడో తప్పు మరీ చెడ్డది. అనుమానం మొదలైన తరువాత అతని ముఖంలో భయం కనబడింది. "చూడు, ఎట్లా తడబడుతున్నాడో," అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత వుండనే వుంది. ఆ సామెత చేసినవాడు ఒక విషయం మరిచాడు. కాయ మోసినవాడే భుజం తడుముకుంటాడన్న నియమం లేదు. వెనక ఎన్నోసార్లు చేయని దొంగతనానికి దెబ్బలు తిన్నవాడూ తడుముకుంటాడు. తాతలకాలం నుంచి దెబ్బలు తిన్న వాడలో పుట్టినవాడికి ఆ భయం నేరాన్ని బట్టి రాదు, అనుభవాన్ని బట్టి వస్తుంది. నిర్భయంగా కనబడటానికి కూడ కొంత ఆస్తి కావాలి.

యీ మూడింటికీ కింద నాలుగోది వుంది. ఎవరి మాటకు ఎంత విలువ యిచ్చాం? నేను ఆధారమేమీ లేకుండా "డీజిల్‌లో ఏదో కలిసింది" అన్నాను. రుజువేమిటని ఎవరూ అడగలేదు, నేను లెక్చరర్ని. అతను నాలుగేళ్ళ అనుభవంతో, లక్షణాలన్నీ వరుసగా చెప్పాడు. అది సాకు అయింది, అతను జీతగాడు. 2007లో మిరాండా ఫ్రికర్ అనే బ్రిటిష్ తత్త్వవేత్త దీనిమీద ఒక పుస్తకమే రాసింది. ఒక మనిషి చెప్పేదాన్ని అతని పుట్టుకనూ స్థితినీ బట్టి తక్కువగా నమ్మటం ఒక ప్రత్యేకమైన అన్యాయమనీ, అది అతన్ని తెలిసినవాడిగా గుర్తించకపోవటమనీ ఆమె వాదం. ఆమె మాటకు నేను మా పెరటి అనుభవం నుంచి ఒకటి చేరుస్తాను. నమ్మకపోవటం సగం అన్యాయమే. మిగిలిన సగం, అర్హత లేనివాణ్ణి అతిగా నమ్మటం. ఆనాడు మా యింటిముందు రెండూ ఒకేసారి జరిగాయి, రెండోదానివల్ల లాభపడింది నేను.

సత్యానికి రుజువు ఆచరణలో వుందని మార్క్స్ 1845లో ఫాయర్‌బాక్ మీద రాసుకున్న సూత్రాలను మనం ఎన్ని సభల్లో ఉదాహరించామో లెక్క లేదు. 1946నుంచి 1951దాకా యీ నల్లగొండ నేలమీద వెట్టికి వ్యతిరేకంగా జరిగిన పోరాటం గురించి నేను ప్రతి యేడూ విద్యార్థులకు చెబుతాను, గొంతు గద్గదమయ్యేటట్టు చెబుతాను. కాని ఆచరణ అనే మాటను పూజించినంతగా ఆచరణలో వున్న మనిషి మాటను నేను వినలేదు. శ్రమను గౌరవించటం అంటే శ్రమజీవిమీద పద్యం చెప్పటం మాత్రమే కాదు. బండి ఆగినప్పుడు ముందుగా అతన్ని అడగటం. ఆ పని చేసింది, ఏ సభలోనూ మాట్లాడని ఒక ముసలి మేస్త్రి.

ఆయన చేసిన పరీక్షలో కూడ మనం నేర్చుకోవలసింది వుంది. ఒకటి వుంటే రెండోదీ వుండటం అన్వయం, ఒకటి లేకపోతే రెండోదీ లేకపోవటం వ్యతిరేకం అని న్యాయశాస్త్రం చెబుతుంది. జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో తన తర్కగ్రంథంలో దీనికి దగ్గరగా వున్న పద్ధతులనే వివరించాడు: తక్కినదంతా అలాగే వుంచి ఒక్కటి మార్చి చూడు. కుర్రమెకానిక్కు కూడ ఒక్కొక్కటీ మార్చాడు గదా అనవచ్చు. అతను మార్చింది విలువైన సామాను, ఒక్కొక్క ఊహకూ ఖర్చు రైతుది. ముసలాయన మార్చింది దారి, ఖర్చు ఒక డబ్బా, ఒక గొట్టం. అంతకంటె ముఖ్యం: ఆయన పరీక్ష ముద్దాయిని విడిపించగల పరీక్ష. కొత్త డీజిల్ పోసి బండి లేస్తే, "చూశారా, పాత డీజిల్‌లో కల్తీ వుంది" అని అందరం నమ్మేవాళ్ళం, అతనిమీద నేరం శాశ్వతంగా రుజువయ్యేది. నేరాన్ని బలపరచటానికే తప్ప కొట్టివేయటానికి వీలులేని పరీక్ష పరీక్ష కాదు, అది ముందే రాసిపెట్టుకున్న తీర్పు.

యిక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. డీజిల్ దొంగతనాలు జరగవా? కల్తీ జరగదా? జరుగుతాయి. జీతగాడు కనక నిర్దోషి అనటం కూడ ఒక రకం మూఢనమ్మకమే. అనుమానించవద్దని నేననటం లేదు. అనుమానానికి ఒక వరుస వుండాలంటున్నాను. ముందు వస్తువును అనుమానించాలి, తరువాత మన సొంత నిర్లక్ష్యాన్ని, ఆ పైన ఎదుటి మనిషిని. యీ వరుసకు కారణం దయ కాదు. పైపును అనుమానిస్తే పైపుకు అవమానం లేదు. తప్పని తేలితే మళ్ళీ బిగించవచ్చు. మనిషిని అనుమానిస్తే, తప్పని తేలిన తరువాత కూడ అతను మునుపటిలాగా బిగియడు. తిరిగి సరిదిద్దలేని పని చివరన చేయాలన్నది ఏ వర్క్‌షాపులోనైనా మొదటి పాఠం.

తొందర పనిలో యింత వరుస ఎక్కడ కుదురుతుందని మరో ఆక్షేపణ. పదును ఆరిపోతుంటే తర్కశాస్త్రం చదువుతామా? కాని లెక్క చూడండి. తొందరపడినవాళ్ళం ఐదు రోజులు పోగొట్టుకున్నాం. తాపీగా ప్రశ్నలడిగినవాడు ఒక పూటలో తేల్చాడు.

యిదంతా ఒక యింటి పెరట్లో జరిగిన చిన్న సంగతి అనుకోవద్దు. మా జిల్లానే తీసుకుందాం. వంగిన ఎముకలతో, పట్టుకుపోయిన మెడలతో తరాలు బతికిన వూళ్ళు మాకున్నాయి. అది వంశదోషమనీ కర్మమనీ అనుకున్నవారున్నారు, ఆ వూళ్ళతో పెళ్ళి సంబంధాలకు వెనుకాడినవారున్నారు. దోషం రక్తంలో లేదు, భూమి లోపలి రాతిలోనుంచి నీటిలోకి వచ్చిన ఫ్లోరైడులో వుంది. 1955లోనే నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది. 1970లలో నాగపూర్‌లోని నీరీ శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా నల్లా నీళ్ళకోసం ఆ వూళ్ళు యింకా దశాబ్దాలు ఎదురుచూశాయి. మనుషులను అనుమానించటం చవక. గొట్టం మార్చటం ఖర్చు. అందుకే పాలించేవారికి మొదటిది నచ్చుతుంది.

పాలకులను అనటం మనకు సులభమే. మన సంగతి కూడ చెప్పుకోవాలి. 1928లో మాస్కోలో షాఖ్తీ విచారణ జరిగింది. దోన్‌బాస్ బొగ్గు గనుల్లో యంత్రాలు చెడుతున్నాయి, ఉత్పత్తి పడిపోతున్నది. అనుభవం లేని చేతులు, పాత సామాను, మితిమీరిన తొందర, యిన్ని కారణాలు ఎదుట వుండగా, 53 మంది యింజనీర్లనూ సాంకేతిక నిపుణులనూ విధ్వంసకులన్న ఆరోపణతో బోనులో నిలబెట్టారు. ఐదుగురిని కాల్చి చంపారు. యంత్రాలు ఆ తరువాత కూడ చెడుతూనే వచ్చాయి, ద్రోహుల జాబితా పెరుగుతూ పోయింది. యిది శత్రువులు చేసే ప్రచారమని పక్కన పెట్టిన కాలం ఒకటి వుండేది. యిప్పుడు ఆ సాకు లేదు. సమానత్వం కోరిన వ్యవస్థ కూడ, యంత్రం ఆగినప్పుడు ముందు మనిషిని పట్టుకుంటే ఏమవుతుందో ఆ చరిత్ర చెబుతున్నది.

మన చిన్న సంఘాల్లో మటుకు ఏం చేస్తున్నాం? సభకు జనం రాకపోతే, పత్రిక ఆగిపోతే, విద్యార్థులు మన మాట వినకపోతే, ముందుగా ఎవడు చెడగొట్టాడని వెతుకుతాం. అతని వర్గస్వభావాన్ని గురించి తీర్మానం చేస్తాం. మన మాటకూ జనానికీ మధ్య వున్న గొట్టం లోపల ముడుచుకుపోయిందేమో విప్పి చూడం. పైకి అది నున్నగానే కనబడుతుంది మరి.

చివరిగా, ఆ యువకుడి సంగతి. బండి లేచిన తరువాత చిన్నాయన అతనితో, "రేపటి సంది పనికి రా," అన్నాడు. ఆ ఆరు రోజుల జీతం కూడ పట్టుకోనన్నాడు. అది ఆయన దృష్టిలో పెద్ద ఔదార్యం. అతను తల వూపి వెళ్ళాడు. మర్నాడు రాలేదు. నాలుగు రోజుల తరువాత హైదరాబాదులో మట్టితవ్వే యంత్రం మీద పనికి కుదిరాడని తెలిసింది.

నేను అతని యింటికి వెళ్ళాను. అతను లేడు, తల్లి వుంది. నా తప్పు చెప్పాను. ఆమె విని, "నాకు చెప్తె ఏముంది సార్, వూరికి చెప్పుండ్రి," అంది. నిజమే. నేను ఆ మాట అన్నది ఆమెతో కాదు. నలుగురిలో అన్న మాటను నాలుగు గోడల మధ్య వాపసు తీసుకోవటం, బజారులో చేసిన అప్పును యింట్లో మొక్కుకుని తీర్చినట్టు. సాయంత్రం హోటలు దగ్గర, ఆనాడు నవ్విన మనుషుల మధ్య, డీజిల్‌లో ఏమీ కలవలేదనీ, ఆ మాట మొదట అన్నది నేననీ, ఏమీ తెలియకుండా అన్నాననీ చెప్పాను. కొందరు విన్నారు. ఒకరు, "పోనియ్యి సార్, గంత చిన్న ముచ్చటకు," అన్నారు. యింకొకరు యిప్పటికీ అతన్ని డీజిలోడనే అంటున్నారట.

అతనికి ఫోను చేసి కూడ చెప్పాను. అతను నన్ను నిందించలేదు. "పైపు మార్చిండ్రా సార్?" అని మాత్రం అడిగాడు.

పైపు ఆ రోజే మార్చారు. తక్కిన పని యింకా మిగిలే వుంది. ఒక మాట అని, దాని ధర ఎదుటివాడు చెల్లిస్తుంటే చూస్తూ వూరుకోవటం చదువుకున్నవారికి ఎంత సులభమో నాకు తెలిసింది కనక, నా పాఠకులలోని ఉపాధ్యాయులనూ విద్యార్థులనూ ఒక్కటే అడుగుతున్నాను. ఎక్కడైనా ఏదైనా ఆగిపోయినప్పుడు, "యిది ఎవరి పని?" అనే ముందు, "దీన్ని రోజూ నడిపేవాడు ఏం చెబుతున్నాడు?" అని అడగండి. అతను బహుశా నాలుగు రోజుల ముందే చెప్పి వుంటాడు.